వైకల్యం ఉందని బీమా నిరాకరిస్తే చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది?

ప్రశ్న: దారిదీపం

నేను ఒక దివ్యాంగుల సంఘంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. బీమా విషయంలో సభ్యులకు ఎదురవుతున్న వివక్ష గురించి ఒక వినతిపత్రం తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. అన్యాయం జరుగుతోందని చెప్పడం తేలికే గాని, అది ఏ చట్టం ప్రకారం, ఏ కారణం చేత అన్యాయమో చెప్పడం అంత తేలికగా లేదు. అందుకే ఈ విషయంలో అనుభవం, పరిజ్ఞానం ఉన్నవారి సలహా కోరుతున్నాను.

నా ముందున్న కాగితాల్లోంచి రెండు ఉదంతాలు చెబుతాను. మొదటిది పుట్టుకతోనే వినికిడి లేని ఒక అధ్యాపకురాలిది. ఆమెకు మరే అనారోగ్యమూ లేదు. ఆరోగ్య బీమా ప్రపోజల్ ఫారంలో శారీరక వైకల్యం ఉన్నదా అన్న గడిలో ‘అవును’ అని నిజాయితీగా రాశారు. ‘మా అండర్‌రైటింగ్ నియమాల ప్రకారం మీ ప్రతిపాదనను అంగీకరించలేకపోతున్నాము’ అన్న ఒకే ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. (అండర్‌రైటింగ్ అంటే దరఖాస్తును పరిశీలించి బీమా ఇవ్వాలా వద్దా, ఎంత ప్రీమియానికి ఇవ్వాలి అని తేల్చే పని.) రెండోది ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, అప్పటినుంచి చక్రాల కుర్చీ వాడుతున్న ఒక యువకుడిది. ఉద్యోగం చేస్తున్నాడు, కుటుంబం అతని సంపాదన మీదే ఆధారపడి ఉంది. ఆరోగ్య బీమా పూర్తిగా నిరాకరించారు. జీవిత బీమా ఇస్తామన్న సంస్థ ప్రీమియం బాగా పెంచడమే కాక, ప్రమాదాలకు సంబంధించిన అదనపు రక్షణ ఏదీ ఇవ్వబోమని చెప్పింది. ఎందుకంటే ఎవరూ కారణం చెప్పలేదు.

నా సందేహాలు ఇవి. ఇలా నిరాకరించడం చట్టం దృష్టిలో వివక్ష అవుతుందా, లేక ‘ఇది వ్యాపారం, నష్టభయాన్ని బట్టి మా నిర్ణయం మేము తీసుకుంటాం’ అని సంస్థలు చెప్పేది చెల్లుబాటు అవుతుందా? నష్టభయం ఎక్కువ అన్నప్పుడు దాన్ని రుజువు చేయాల్సింది వారా, లేదని రుజువు చేయాల్సింది మనమా? ఇతర దేశాల చట్టాలు ఈ చిక్కును ఎలా విప్పాయి? ఇక చివరిది, సభ్యులు తరచుగా అడిగేది: ఫారంలో వైకల్యం సంగతి రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది?

సమాధానం: న్యాయపథం

దారిదీపం గారికి నమస్కారం. నేను న్యాయవాదిని. మీ రెండో ప్రశ్నలోనే మొత్తం విషయపు కీలకం ఉంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

బీమా అంటేనే నష్టభయాన్ని అంచనా కట్టడం. అందువల్ల వివక్షను నిషేధించే చట్టాలు దాదాపు ఎక్కడా సంస్థలను ‘నష్టభయం చూడనే వద్దు’ అని ఆదేశించలేదు. అవి అడిగేది వేరు: మీరు చూపిస్తున్న తేడాకు ఆధారం లెక్కలా, లేక అపోహలా? లెక్కలుంటే వాటిని చూపించండి, వాటికి తగినంత మేరకే తేడా చూపించండి, అంతకు మించి చూపితే అది వివక్షే. ఈ సూత్రాన్ని పట్టుకుంటే వివిధ దేశాల చట్టాలను అర్థం చేసుకోవడం కష్టం కాదు.

అన్నిటికీ పైన దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఉంది. దీన్ని 2006 డిసెంబరు 13న ఆమోదించారు, 2008 మే 3 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 25వ అధికరణంలోని ఇ ఖండం సరిగ్గా మీ సమస్య గురించే మాట్లాడుతుంది. ఆరోగ్య బీమాలోనూ, జాతీయ చట్టం అనుమతించిన చోట జీవిత బీమాలోనూ దివ్యాంగుల పట్ల వివక్షను ప్రభుత్వాలు నిషేధించాలనీ, బీమాను న్యాయంగా, సహేతుకంగా అందించాలనీ అది చెబుతుంది. భారతదేశం 2007 అక్టోబరు 1న ఈ ఒడంబడికను ధ్రువీకరించింది. మీ వినతిపత్రం ఈ అధికరణంతోనే మొదలుకావాలని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రభుత్వం తానుగా ఇచ్చిన మాటను గుర్తుచేయడం కంటే బలమైన ప్రారంభం ఉండదు.

ఆధారం చూపాల్సిన బాధ్యతను అత్యంత స్పష్టంగా రాసుకున్నది ఆస్ట్రేలియా. అక్కడి 1992 నాటి వైకల్య వివక్ష చట్టంలోని 46వ సెక్షన్ ప్రకారం, బీమా సంస్థ దివ్యాంగుల విషయంలో తేడా చూపాలంటే అది ఆధారపడదగిన యాక్చువరీ లెక్కల (నష్టభయాన్ని గణితంతో అంచనా కట్టే లెక్కల) మీదో, గణాంకాల మీదో నిలబడాలి. లెక్కలుంటే చాలదు, వాటితోపాటు సంబంధిత అంశాలన్నీ పరిగణనలోకి తీసుకున్నాక కూడా ఆ నిర్ణయం సహేతుకంగా ఉండాలి. లెక్కలు లేవు, తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు అన్నప్పుడు మాత్రమే ఇతర అంశాలను బట్టి నిర్ణయించవచ్చు. ఆ లెక్కల మూలం ఏమిటో చెప్పమని అడిగే అధికారం కూడా ఆ చట్టం కిందే ఉంది.

ఇది కాగితం మీది హక్కుగానే మిగిలిపోలేదు. విక్టోరియా రాష్ట్రంలో ఒక విద్యార్థిని విదేశీ యాత్రకు వెళ్లాల్సి ఉండగా మానసిక కుంగుబాటు వల్ల మానుకోవలసి వచ్చింది. మానసిక అనారోగ్యం మొత్తాన్నీ మినహాయించిన నిబంధనను చూపి ప్రయాణ బీమా సంస్థ క్లెయిమును తోసిపుచ్చింది. 2015 డిసెంబరులో అక్కడి ట్రిబ్యునల్ దాన్ని వివక్షగా తేల్చి పరిహారం ఇప్పించింది. ఆ పాలసీ రాసిన రోజున సంస్థ ఆ మినహాయింపును ఏ లెక్కల ఆధారంగా పెట్టిందో చూపలేకపోవడమే తీర్పులో ప్రధానాంశం. తర్వాత పోగుచేసిన గణాంకాలు ఆ లోటును పూడ్చలేదు. మీ వినతిపత్రంలో ఈ అంశాన్ని తప్పక ప్రస్తావించండి.

బ్రిటన్‌లోని 2010 సమానత్వ చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. సంస్థ వాడిన సమాచారం నష్టభయానికి సంబంధించినదై ఉండాలి, నమ్మదగిన మూలంనుంచి వచ్చినదై ఉండాలి, ఆపైన ఆ నిర్ణయం సహేతుకమూ కావాలి. మూడింటిలో ఏది తప్పినా మినహాయింపు వర్తించదు.

ఇక భారత చట్టానికి వస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. దీనిలో ప్రైవేటు బీమా సంస్థల గురించి ఆస్ట్రేలియా చట్టంలో ఉన్నంత సూటి సెక్షన్ లేకపోవడం పెద్ద లోటేనని నేను గట్టిగా నమ్ముతాను. 24వ సెక్షన్ సమగ్ర బీమా పథకం గురించీ, 26వ సెక్షన్ దివ్యాంగులైన ప్రభుత్వోద్యోగుల బీమా గురించీ చెబుతాయే గాని, బజారులో అమ్మే పాలసీల జోలికి పోవు. అయినా 3వ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం మనకు ఆయుధమే. న్యాయమైన లక్ష్యాన్ని సాధించడానికి తగిన మోతాదులో తీసుకున్న చర్య అని చూపితే తప్ప, వైకల్యం కారణంగా ఏ దివ్యాంగుడి పట్లా వివక్ష చూపరాదని అది అంటుంది. ‘చూపితే తప్ప’ అన్నప్పుడు చూపాల్సింది తేడా చేసినవారే. మీ రెండో సందేహానికి నా జవాబు అదే.

ఈ చట్టం కింద 2017లో చేసిన నియమావళిలో మూడో నియమాన్ని చాలామంది న్యాయవాదులు కూడా పట్టించుకోరు. వివక్ష జరిగిందని బాధితులు సంస్థ అధిపతికి ఫిర్యాదు చేస్తే, ఆయన చట్టప్రకారం చర్య తీసుకోవాలి, లేదా తమ చర్య ఏ న్యాయమైన లక్ష్యానికి ఎలా తగిన మోతాదులో ఉందో రాతపూర్వకంగా తెలియజేయాలి. అంటే మీ సభ్యులకు వచ్చిన ఒక్క వాక్యపు జవాబు ఇక్కడ సరిపోదు.

న్యాయస్థానాలు కూడా కొంత దారి వేశాయి. 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఉదంతం మీ రెండో ఉదంతానికి చాలా దగ్గరగా ఉంది. ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడిన వ్యక్తికి ఆరోగ్య బీమా నిరాకరించారు. జీవించే హక్కులో ఆరోగ్య హక్కు అంతర్భాగమని కోర్టు గుర్తుచేసి, అన్ని సంస్థలనూ పిలిచి దివ్యాంగులకు పాలసీలు రూపొందింపజేయమని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని ఆదేశించింది. దివ్యాంగుల ప్రాణాలను ‘నాసిరకం’ అనే అర్థంలో పిలిచే బీమా పరిభాషను కూడా తప్పుపట్టింది. ఒక మనిషి ప్రాణాన్ని ఆ మాటతో వర్గీకరించడం ఎంత అవమానకరమో కోర్టు గుర్తించినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది.

దాని ఫలితంగా 2023 ఫిబ్రవరి 27న ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్ జారీచేసింది. దివ్యాంగులకు, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి, మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఒక ఆరోగ్య బీమా పాలసీని సాధారణ బీమా సంస్థలూ, కేవలం ఆరోగ్య బీమా చేసే సంస్థలూ తప్పక అందించాలని చెప్పింది. ఈ వర్గాలవారి ప్రతిపాదన ఏదీ తిరస్కరణకు గురికాకుండా చూసే అండర్‌రైటింగ్ విధానాన్ని బోర్డు ఆమోదంతో పెట్టుకోవాలని కూడా చెప్పింది. మీ అధ్యాపకురాలి దరఖాస్తు ఈ తేదీ తర్వాతిదైతే ఆ నిరాకరణ ఈ సర్క్యులర్‌కు నేరుగా విరుద్ధం. అయితే ఇది ఆరోగ్య బీమాకే వర్తిస్తుందనీ, జీవిత బీమాకు కాదనీ గమనించాలి.

సమాధానం: పాత అండర్‌రైటర్

న్యాయపథం గారు చట్టం వైపునుంచి చెప్పారు. బీమా సంస్థల్లో ప్రతిపాదనలు పరిశీలించే పనిలో చాలాకాలం ఉన్నవాడిగా, లోపల ఏం జరుగుతుందో చెబితే మీ వినతిపత్రానికి పదును వస్తుందనుకుంటున్నాను.

జీవిత బీమాలో ప్రతి దరఖాస్తునూ అంకెల్లోకి మార్చుతారు. సగటు మనిషి మరణ సంభావ్యతను నూరుగా తీసుకుని, రక్తపోటుకు ఇంత, మధుమేహానికి ఇంత అని కలుపుతూ, అనుకూలాంశాలకు కొంత తీసివేస్తూ పోతారు. న్యూయార్క్ లైఫ్ సంస్థలో ఆస్కార్ రోజర్స్, ఆర్థర్ హంటర్ అనే ఇద్దరు ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. మొత్తం ఒక హద్దు లోపల ఉంటే మామూలు ప్రీమియం, దాటితే అదనపు ప్రీమియం, మరీ దాటితే నిరాకరణ. ఈ అదనపు భాగాన్నే లోడింగ్ అంటాం. ఏ పరిస్థితికి ఎంత కలపాలో ఎక్కువగా రీఇన్సూరెన్స్ సంస్థలు (బీమా సంస్థలకే బీమా చేసేవి) ఇచ్చే మాన్యువల్ చూసి నిర్ణయిస్తారు.

ఈ పద్ధతిలో తప్పు లేదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మాన్యువల్‌లో సరైన వివరణ లేనప్పుడు, లేదా ఉన్నా దాన్ని తెరిచి చూసే ఓపిక లేనప్పుడు. ఆరోగ్య బీమాలో చిన్న మొత్తపు పాలసీలను చాలావరకు కంప్యూటరే తేలుస్తుంది. వైకల్యం అన్న గడిలో ‘అవును’ పడగానే దరఖాస్తు పక్కకు పోతుంది. అక్కడ దాన్ని చేత్తో పరిశీలించాలంటే వైద్య నివేదికలు తెప్పించాలి, వైద్యుడితో మాట్లాడాలి. ఆ ఖర్చు పాలసీమీద వచ్చే ఆదాయానికి మించుతుందని తోచినప్పుడు, నిరాకరించడమే తేలికైన మార్గంగా కనిపిస్తుంది. అంటే చాలా నిరాకరణల వెనుక లెక్కలు ఉండి తేల్చినది ఏమీ లేదు, అసలు లెక్క వేయనే లేదు. చట్టం ప్రశ్నించాల్సినది సరిగ్గా దీన్నే.

మీ రెండు ఉదంతాలనూ వేర్వేరుగా చూడమని నా మనవి. పుట్టుకతో వచ్చిన వినికిడి లోపం, దానికి కారణమైన మరో జబ్బు ఏదీ లేనప్పుడు, ఆసుపత్రి ఖర్చులను పెంచుతుందనడానికి సహేతుకమైన ఆధారం చూపడం ఏ సంస్థకైనా చాలా కష్టం. ఆమె విషయంలో లోడింగ్ కూడా న్యాయం కాదు. వెన్నుపాము గాయం సంగతి అలా కాదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, ఒత్తిడి పుండ్లు, శ్వాస సంబంధమైన ఇబ్బందులు వచ్చే అవకాశం నిజంగానే ఉంది. అందువల్ల కొంత అదనపు ప్రీమియం అడిగితే దాన్ని వెంటనే వివక్ష అనలేం. కాని ఆ అవకాశం కూడా అందరికీ ఒకేలా ఉండదు. గాయం వెన్నులో ఏ స్థాయిలో జరిగింది, పూర్తిగా తెగిందా పాక్షికమా, గాయమై ఎంతకాలమైంది, మూత్రపిండాల పనితీరు ఎలా ఉంది, ఈమధ్య ఆసుపత్రిలో చేరవలసి వచ్చిందా అన్న వివరాలను బట్టి అంచనా పూర్తిగా మారిపోతుంది. నడుముకింది భాగంలో దెబ్బతగిలి చాలా ఏళ్లుగా స్థిరంగా ఉన్న యువకుణ్ణీ, మెడ దగ్గర దెబ్బతగిలి ఇటీవలే ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన వ్యక్తినీ ‘చక్రాల కుర్చీ’ అనే ఒకే పెట్టెలో వేయడం వృత్తిపరంగా కూడా తప్పు పనే.

ప్రమాద రక్షణ మినహాయింపు గురించి ఒక మాట. ఇప్పటికే కాళ్లు పనిచేయని వ్యక్తికి ‘కాళ్లు పోతే పరిహారం’ అనే భాగం ఇవ్వకపోవడానికి అర్థం ఉంది. కాని చేతులకో, కళ్లకో, ప్రాణానికో జరిగే ప్రమాదాన్ని కూడా కలిపి మొత్తంగా తీసివేయడానికి అర్థం లేదు. మినహాయింపు ఎంతవరకు అవసరమో అంతవరకే ఉండాలి. వినతిపత్రంలో ఈ వాక్యాన్ని ఒక డిమాండుగా పెట్టండి.

సంస్థను అడగవలసినవి కూడా చెబుతాను. నిరాకరణ ఏ వైద్య కారణం మీద, ఏ సమాచారం ఆధారంగా జరిగింది, లోడింగ్‌తోనో పరిమిత మినహాయింపుతోనో ఇవ్వడాన్ని పరిశీలించారా, లేకుంటే ఎందుకు పరిశీలించలేదు? భారతదేశంలో 2016 నాటి ఆరోగ్య బీమా నిబంధనలే ప్రతిపాదనను నిరాకరిస్తే కారణాలను నమోదుచేసి రాతపూర్వకంగా తెలియజేయాలని చెప్పాయి. ‘మా నియమాల ప్రకారం’ అన్నది కారణం కాదు.

సమాధానం: ప్రవాసి

ఇతర దేశాల గురించి అడిగారు కాబట్టి అమెరికా అనుభవాన్ని జోడిస్తాను. ఇక్కడ చట్టంలో ఒక చిన్న ఖండం ఎంత నష్టం చేయగలదో తెలుసుకోవడం వినతిపత్రం రాసేవారికి అవసరమని నా ఉద్దేశం.

దివ్యాంగుల హక్కుల విషయంలో ప్రపంచమంతా ఆదర్శంగా చెప్పుకునే అమెరికా వికలాంగుల చట్టం 1990 జులై 26న వచ్చింది. కాని దాని 501వ సెక్షన్‌లోని సి ఖండం బీమా సంస్థలకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. రాష్ట్ర చట్టాలకు విరుద్ధంగా లేనంతవరకు నష్టభయాన్ని వర్గీకరించుకోవచ్చు, అయితే చట్టాన్ని ఎగవేసే సాకుగా మాత్రం దాన్ని వాడకూడదు అన్నది దాని సారాంశం. ఆస్ట్రేలియాలో లాగా ‘లెక్కలు చూపండి’ అన్న షరతు ఈ ఖండంలో సూటిగా లేదు.

దాని పర్యవసానం 1999లో ఏడో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలను కలిపిన న్యాయ ప్రాంతం) అప్పీళ్ల కోర్టు తీర్పులో కనిపించింది. ఒక బీమా సంస్థ మిగతా జబ్బులకు జీవితకాలంలో పది లక్షల డాలర్ల వరకు చెల్లిస్తూ, ఎయిడ్స్ సంబంధిత చికిత్సకు మాత్రం ఒక పాలసీలో 25 వేలు, మరోదానిలో లక్ష డాలర్ల హద్దు పెట్టింది. ఆ హద్దులకు యాక్చువరీ ఆధారం చూపలేమని ఆ సంస్థే కోర్టులో ఒప్పుకుంది. అయినా గెలిచింది. కెమెరా దుకాణం దివ్యాంగుడికి కెమెరా అమ్మనని చెప్పకూడదు గాని, దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా చేసిన కెమెరాలు తెచ్చిపెట్టాల్సిన పనిలేదు, అలాగే ఈ చట్టం పాలసీలో ఏముండాలో నిర్దేశించదు అన్నది న్యాయమూర్తి పోస్నర్ వాదన. ఆధారం లేదని ఒప్పుకున్న సంస్థ కూడా గెలవగలిగిందంటే, చట్టంలో రుజువు బాధ్యతను స్పష్టంగా రాయకపోవడం వల్లనే అది సాధ్యమైంది. అందరు న్యాయమూర్తులూ ఇలాగే చూడలేదన్నది కూడా నిజమే. బీమా వంటి సేవలకు కూడా చట్టం వర్తించవచ్చని 1994లోనే మొదటి సర్క్యూట్ కోర్టు విశాలంగా అన్వయించింది.

ఆరోగ్య బీమాలో ఈ చిక్కు చివరికి వివక్ష చట్టం వల్ల కాక బీమా చట్టం మార్చడం వల్ల తీరింది. 2010లో వచ్చిన ఆరోగ్య సంరక్షణ చట్టం కింద 2014 జనవరి 1 నుంచి, ముందునుంచీ ఉన్న జబ్బు కారణంగా నిరాకరించడం, ప్రీమియం పెంచడం చెల్లవు. వయసు, నివసించే ప్రాంతం, కుటుంబ పరిమాణం, పొగాకు వాడకం మాత్రమే చూడాలి. కాని జీవిత బీమా, ఆదాయ రక్షణ బీమా ఈ చట్టం పరిధిలోకి రావు. జన్యు సమాచారం మీద వివక్షను ఆపే 2008 నాటి చట్టం కూడా ఆరోగ్య బీమా దగ్గరే ఆగిపోయింది. అందుకే ‘బీమా’ అని పొడిగా రాయకుండా, ఏయే రకాల బీమా కావాలో పేరుపేరునా రాయమని సూచిస్తున్నాను.

సమాధానం: చక్రగమనం

నేనూ చక్రాల కుర్చీ వాడుతున్నాను. న్యాయసూత్రాల గురించి పెద్దలు చెప్పారు, నేను దరఖాస్తుదారుడి వైపు సంగతులు చెబుతాను.

నా దరఖాస్తునూ మొదట ఇలాగే ఒక్క వాక్యంతో తిప్పి పంపారు. కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని ఉత్తరం రాసి, దానికి నా వైద్యుడి లేఖ జతచేశాను. ఆ లేఖలో రోగం పేరు కంటే నా స్థితి గురించి ఎక్కువ రాయమని వైద్యుణ్ణి కోరాను. గాయం స్థాయి, మూత్రపిండాల పరీక్ష ఫలితాలు, చర్మం మీద పుండ్లు లేవన్న సంగతి, ఎవరి సాయం లేకుండా చేసుకోగల పనులు, ఇవన్నీ ఒక పేజీలో వచ్చాయి. ఆ తర్వాత సంస్థ నా దరఖాస్తును మళ్లీ పరిశీలించి, కొంత లోడింగ్‌తో పాలసీ ఇచ్చింది. పాత అండర్‌రైటర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మొదటిసారి ఎవరూ నా కాగితాలు చదవలేదు.

అయితే వివక్ష నిరాకరణ ఒక్కదానిలోనే లేదు. దరఖాస్తు చేసే దారిలోనే చాలామంది ఆగిపోతారు. మీరు చెప్పిన అధ్యాపకురాలి వంటివారికి ఆరోగ్య వివరాల ధ్రువీకరణ కోసం ఫోన్ చేస్తారు. ఫోన్‌లో మాట్లాడలేకపోతే ‘దరఖాస్తుదారు స్పందించలేదు’ అని నమోదై ఫైలు మూతపడుతుంది. రాతలోనో, సంజ్ఞాభాష అనువాదకుల సాయంతో వీడియోలోనో మాట్లాడతానంటే అందుకు ఏర్పాటు ఉండదు. చూపులేనివారికి పాలసీ పత్రాన్ని బొమ్మ రూపంలో పంపుతారు, స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. అంటే తాను సంతకం చేసిన ఒప్పందంలో మినహాయింపులేమిటో ఆ వ్యక్తి స్వయంగా చదువుకోలేరు. వైద్య పరీక్షకు పంపిన కేంద్రం మెట్లెక్కి వెళ్లాల్సిన మేడ మీద ఉంటే నాలాంటివాళ్లు వెనుదిరగాలి.

దివ్యాంగుల హక్కుల చట్టం సహేతుకమైన సదుపాయం కల్పించకపోవడాన్ని కూడా వివక్షగానే నిర్వచించింది. ఆ సదుపాయానికయ్యే ఖర్చును కొంతైనా సరే దివ్యాంగుడి మీద వేయకూడదని న్యాయపథం గారు ప్రస్తావించిన అదే మూడో నియమం చెబుతుంది. ఇక్కడ యాక్చువరీ లెక్కలు అడ్డురావు, ఎందుకంటే చదవగలిగే పత్రం అడగడానికీ నష్టభయానికీ సంబంధం లేదు. వినతిపత్రంలో దీనికి ఒక ప్రత్యేక భాగం కేటాయించండి, గెలవడం కూడా ఇక్కడే ముందుగా సాధ్యపడుతుంది.

దారిదీపం

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అధ్యాపకురాలి ఫైలు మళ్లీ తీసి చూశాను. అందులో కూడా ‘ఫోన్‌లో సంప్రదించినా స్పందన లేదు’ అన్న నమోదు ఉంది, ఇంతకుముందు దాని అర్థం నాకు తట్టలేదు. న్యాయపథం గారూ, రెండు విషయాలు మిగిలాయి. ఫిర్యాదు ఎక్కడ చేయాలి? వైకల్యం సంగతి దాచిపెడితే ఏమవుతుంది?

సమాధానం: న్యాయపథం

దాచడం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే దానివల్ల జరిగే నష్టం తర్వాత ఏ చట్టమూ పూడ్చలేదు. బీమా ఒప్పందం పరస్పర విశ్వాసం మీద నిలబడుతుంది. ఫారంలో అడిగిన ముఖ్యమైన విషయాన్ని దాస్తే, క్లెయిము వచ్చినప్పుడు సంస్థ దాన్నే చూపి తోసిపుచ్చుతుంది, అప్పుడు వివక్ష గురించి మాట్లాడే అవకాశం కూడా ఉండదు. జీవిత బీమా పాలసీని మూడేళ్ల తర్వాత ఏ కారణంతోనూ ప్రశ్నించరాదని బీమా చట్టంలోని 45వ సెక్షన్ చెబుతుంది. ఆరోగ్య బీమాలో 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం అరవై నెలలు నిరంతరాయంగా కొనసాగిన పాలసీని మోసం రుజువైతే తప్ప ప్రశ్నించకూడదు. ఈ రెండూ నిజాయితీగా రాసినవారికి రక్షణ. దాచి గడువు దాటించుకోవచ్చన్న ధీమాతో సభ్యులెవరూ ఆ దారిన పోవద్దని గట్టిగా చెప్పండి. వెల్లడించి, రాతపూర్వక నిరాకరణ తెచ్చుకున్న వ్యక్తి చేతిలో సాక్ష్యం ఉంటుంది.

ఫిర్యాదు సంగతికి వస్తే, ముందుగా సంస్థ అధిపతికీ, ఫిర్యాదుల అధికారికీ రాయండి. పాత అండర్‌రైటర్ గారు చెప్పిన ప్రశ్నలు, మూడో నియమం ప్రస్తావన ఆ లేఖలో ఉండాలి. జవాబు సంతృప్తికరంగా లేకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదుచేయండి. చాలామంది వెంటనే బీమా అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు పరిష్కరించే అధికారి) దగ్గరికి పరుగెత్తుతారు. ఆ వ్యవస్థ ప్రధానంగా పాలసీ ఉన్నవారి వివాదాల కోసం, క్లెయిముల కోసం ఏర్పడింది. ప్రీమియం కట్టించుకుని పాలసీ ఇవ్వకపోయినా అక్కడికి వెళ్లవచ్చు గాని, దరఖాస్తు దశలోనే నిరాకరణకు గురైనవారి ఫిర్యాదు ఆ పరిధిలో ఇమడడం కష్టం.

అందువల్ల మీ రెండు ఉదంతాలకూ దివ్యాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్లడమే సరైన మార్గమని నా అభిప్రాయం. కేంద్రంలో ముఖ్య కమిషనర్, రాష్ట్రాల్లో రాష్ట్ర కమిషనర్లు ఉంటారు. సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో వారికి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉంటాయి. సంస్థ దాచిపెట్టే అండర్‌రైటింగ్ కాగితాలను రప్పించగల మార్గం ఇదే. వివక్ష ఫిర్యాదును అరవై రోజుల్లో పరిష్కరించాలని 2017 నియమావళి గడువు కూడా పెట్టింది. కమిషనర్ ఇచ్చేది సిఫారసే, కోర్టు డిక్రీ వంటిది కాదన్న పరిమితి ఉంది. అయితే ముఖ్య కమిషనర్ సిఫారసు చేస్తే మూడు నెలల్లో చర్య తీసుకుని తెలియజేయాలి, అంగీకరించకపోతే కారణాలు చెప్పాలి. ఆ కారణాలే తర్వాత హైకోర్టులో రిట్ వేయడానికి పునాది అవుతాయి.

ప్రభుత్వ రంగ సంస్థల మీద మరో ఆధారం కూడా ఉంది. జీవిత బీమా సంస్థకు సంబంధించి 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దివ్యాంగుల గురించి కాదు. జీతం తీసుకునే ఉద్యోగులకే ఒక పాలసీని పరిమితం చేయడం గురించిన వ్యాజ్యం అది. కాని బీమా షరతులు న్యాయంగా, సహేతుకంగా ఉండాలనీ, రాజ్యాంగ హక్కుల పరీక్షకు అవి నిలబడాలనీ అందులో తేల్చారు. మీ యువకుడి జీవిత బీమా దరఖాస్తు ప్రభుత్వ రంగ సంస్థకు చేసినదైతే ఈ తీర్పును లేఖలో ఉదహరించండి. ప్రైవేటు సంస్థకైతే 3వ సెక్షన్‌నే ప్రధానాధారంగా పెట్టుకుని, లోడింగ్‌కు ఆధారమైన సమాచారం అడగడంతో మొదలుపెట్టండి. అధ్యాపకురాలి విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. 2023 సర్క్యులర్‌కు విరుద్ధమైన నిరాకరణ అన్నది ఒక ఫిర్యాదు, ఫోన్ తప్ప మరో మార్గం ఇవ్వకపోవడం ద్వారా సదుపాయం నిరాకరించారన్నది ఇంకో ఫిర్యాదు. రెంటినీ ఒకే లేఖలో, వేర్వేరు శీర్షికల కింద రాయండి. ముసాయిదా తయారయ్యాక ఇక్కడ పెడితే చదివి సవరణలు సూచిస్తాను.